మనిషిని కొన్నోడికి ఏ కోర్టు?

"నిన్ను కొన్నా." కువైటు ఇండ్లల్లో పనికి పోయి తిరిగొచ్చిన అక్కలతో కూర్చొని మాట్లాడితే మళ్లీ మళ్లీ వినబడే మాట ఇది. జీతం అడిగినా, ఇంటికి ఫోన్ చేసుకుంటానన్నా, ఒళ్లు బాగలేదన్నా జవాబు ఒక్కటే. ఆఫీసులో ఇన్ని దీనార్లు పోసి కొన్నా, రెండేళ్లు నా సొత్తువి, నోర్మూసుకొని పని చెయ్. ఈ మాటను మన పెద్ద పత్రికలు "గల్ఫ్ కష్టాలు" అనే శీర్షిక కింద వేసి చేతులు దులుపుకుంటాయి. కష్టమంటే కరువు, గాలివాన, రోగం. ఇక్కడ ఒకడు అమ్మినాడు, ఇంకొకడు కొన్నాడు, నడుమ ఇంకొకడు కమీషన్ తిన్నాడు. దీన్ని నేరమంటారు. ఈ నేరానికి ప్రపంచ చట్టాల్లో పేరుంది, దానికి మనుషుల్ని ఉరి తీసిన చరిత్ర కూడా ఉంది. ఆ పేరు మన పల్లెల్లోని పోలీస్ స్టేషన్ రిజిస్టర్ దాకా ఎందుకు రాలేదో మాట్లాడుకోవాల అన్నలారా, అక్కలారా.

పాత కడప జిల్లా నుంచి కువైటు బాట ఈనాటిది కాదు. డెబ్బయ్యో దశకం నుంచి రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు దిక్కు నుంచి జనం పోతానే ఉన్నారు. మగోళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా, ఆడోళ్లు ఇంటిపనికి. ఆ ఆడోళ్లలో ఎక్కువ మంది ఎవరో చెప్పాల్సిన పని లేదు, మన మాల మాదిగ పల్లెల వాళ్లు, పేద ముస్లింలు, బీసీలు. దువ్వూరు దిక్కు కేసీ కెనాల్ నీళ్లుంటాయి గదా, పచ్చగా వరి, పసుపు పండుతాది గదా, ఈడనుంచి ఎందుకు పోతారని కొందరు పెద్దమనుషులు అమాయకంగా అడుగుతారు. నీళ్లు కాలవలో ఉన్నాయి సామీ, కాలవ కింద భూమి ఎవరి పేరున ఉందో పాస్‌బుక్కులు తీసి చూడండి. నాటుకు, కలుపుకు, కోతకు మనకు దక్కేది కూలి. కోత మిషన్లు దిగినాక ఆ కూలి రోజులూ తగ్గిపోయినాయి. బిడ్డ పెండ్లి అప్పు, ఆస్పత్రి అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ గడియలో గడప ముందుకొచ్చి నిలబడేది ఏజెంటు.

వాడు చెప్పేది వినసొంపుగానే ఉంటాది. చిన్న కుటుంబం, ఇద్దరు పిల్లలు, వండి పెట్టడమే పని. విమానం దిగినాక సంగతి వేరే. కువైటులో ఇంటిపని వీసాను ఇరవై నంబరు వీసా అంటారు, మనోళ్ల నోట్లో ఖాదిమ్ వీసా. ఆ వీసా మనిషికి ఇచ్చేది కాదు, ఆ ఇంటి యజమానికి, అంటే కఫీలుకు మనిషిని కట్టేసేది. పాస్‌పోర్టు వాడి బీరువాలోకి పోతాది. ఆ ఇల్లు ఇడిచి బయటికొస్తే "పారిపోయింది" అని కేసు. దెబ్బలకు తాళలేక గడప దాటిన మనిషి పోలీసుల లెక్కలో నేరస్తురాలైపోతాది, కొట్టినోడు ఫిర్యాదుదారు. కరెంటు తీగతో కొట్టినోడి మీద కేసు లేదు, దెబ్బలు తిన్నామె మీద కేసు. మన పల్లెల్లో జీతగాడు పారిపోతే రెడ్డి మనుషులు పోయి ఎనక్కి తోలుకొచ్చేవాళ్లు. ఆడ ఆ పని ప్రభుత్వమే చేస్తాది.

కాగితం మీద కువైటులోనూ చట్టముంది. 2015లో 68వ నంబరు చట్టం తెచ్చినారు. వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, ఏడాదికి నెల రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోరాదు. మరుసటేడు కనీస జీతం 60 దీనార్లని పెట్టినారు. అయితే ఆ పన్నెండు గంటల్ని ఇంటి గోడల లోపల లెక్కపెట్టేదెవరు? 2019లో బీబీసీ అరబిక్ విలేకర్లు కొనుగోలుదారుల వేషం కట్టి కువైటులో తిరిగినారు. సెకండ్ హ్యాండ్ టీవీలు, కార్లు అమ్మే ఫోన్ యాప్‌లో పనిమనుషుల ఫొటోలు పెట్టి, ధర కట్టి, జాతి పేరు రాసి అమ్ముతున్నారు. గినియా దేశం నుంచి తెచ్చిన పదహారేళ్ల పిల్లను దాదాపు 3,800 డాలర్లకు బేరం పెట్టినారు. పాస్‌పోర్టు ఇవ్వొద్దు, సెలవు ఇవ్వొద్దు, ఫోన్ ఇవ్వొద్దు అని అమ్మేవాళ్లే కొనేవాళ్లకు బుద్ధులు చెప్పినారు. మైదుకూరు సంతలో ఎద్దును అమ్మేటోడు కూడా ఇట్లే చెప్తాడు, మేత ఎంత వేయాల, ఏ పక్క కట్టాల, ఎప్పుడు పొడుస్తాది అని.

బానిసత్వానికీ అంటరానితనానికీ ఉన్న తేడాను బాబాసాహెబ్ వివరంగా రాసినాడు. బానిస యజమానికి ఆస్తి గనక, ఆస్తి పాడైతే నష్టం గనక వాడు తిండి పెట్టి బతికించుకునేవాడు; అంటరానివాడి చావుబతుకులతో ఎవడికీ నిమిత్తం లేదు; పైగా అంటరానితనం ధర్మం పేరుతో తప్పనిసరి చేసినది. మన కువైటు అక్కల బతుకులో ఈ రెండూ కలిసినాయి. ఆడ రెండేళ్లు ఆస్తి. ఒళ్లు చెడి తిరిగొచ్చినాక ఈడ ఎవరికీ పట్టని మనిషి.

సరే, ప్రపంచ చట్టం సంగతికొస్తాం. బానిసత్వం అంటే ఏందని 1926లోనే నానాజాతి సమితి ఒప్పందం రాసుకుంది. ఒక మనిషి మీద సొంతదారు హక్కుల్లో ఏ ఒక్కటైనా చెలాయిస్తే అది బానిసత్వమే. సంకెళ్లు ఉండాలని, కొరడా ఉండాలని అందులో లేదు. 1956లో ఐక్యరాజ్యసమితి దానికి ఇంకో ఒప్పందం జోడించింది. అప్పుకు బదులుగా చాకిరిని తాకట్టు పెట్టించుకోవడం, చేసిన చాకిరి విలువను అప్పులో జమ కట్టకపోవడం, చాకిరికి గడువు తేల్చకపోవడం, ఇవన్నీ బానిసత్వం లాంటి ఆచారాలే అని అందులో ఉంది. మన జీతగాళ్ల పద్ధతిని చూసి రాసినట్టే ఉంటాది. భారత ప్రభుత్వం 1960లో దాన్ని ఆమోదించింది కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తాది.

ఒప్పందాలు సరే, శిక్షలు పడినాయా? పడినాయి. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ ప్రభుత్వం గెలుచుకున్న దేశాల నుంచి లక్షల మందిని పట్టుకొచ్చి ఫ్యాక్టరీల్లో, పొలాల్లో చాకిరి చేయించింది. ఆ మనుషుల్ని సమకూర్చే శాఖకు పెద్ద ఫ్రిట్జ్ సాకెల్ అనేటోడు. నేను చేసింది కూలీల సరఫరా, దోపిడీతో నాకేం సంబంధం అనే ధోరణిలో వాదించుకున్నాడు. న్యూరెంబర్గ్ కోర్టు వినలేదు, 1946 అక్టోబరు 16న ఉరి తీసినారు. మన భాషలో చెప్పాలంటే వాడు ఏజెంటే. మరి ఆ బానిసల చాకిరితో ఫిరంగులు చేసి కోట్లు గడించిన క్రుప్ కంపెనీ యజమాని? అతనికి 1948లో 12 ఏళ్ల శిక్ష వేసి, 1951లోనే వదిలిపెట్టి, ఆస్తి ఎనక్కిచ్చినారు. 1991లో చుండూరులో మనోళ్లను నరికి చంపితే, 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ ఇడిచిపెట్టడం చూసిన మనకు ఇందులో వింతేమీ లేదు. ఉన్నోడి శిక్ష ఏ దేశంలోనైనా కరిగిపోయేదే.

ఇంకో తీర్పు మనకు మరీ దగ్గరిది. 1992లో బోస్నియా యుద్ధమప్పుడు ఫోచా అనే ఊర్లో సైనికులు ఆడపిల్లల్ని ఇండ్లల్లో పెట్టుకొని చెరిచినారు, వంట చేయించినారు, ఇల్లు ఊడిపించినారు, ఇంకొకరికి అమ్మినారు కూడా. హేగ్‌లోని యుగోస్లావియా ట్రిబ్యునల్ 2001లో వాళ్లను బానిసత్వ నేరం కింద శిక్షించింది. ఏం చూసి బానిసత్వమని తేల్చినారంటే, మనిషి కదలికలు ఎవరి చేతిలో ఉన్నాయి, పారిపోకుండా ఏం చేసినారు, బెదిరింపు ఎంత, ఎంత కాలం, చాకిరి చేయించినారా, ఆమె ఒంటి మీద పెత్తనం ఎవరిది అని. తలుపుకు తాళం లేకపోయినా పోవడానికి చోటు లేనప్పుడు ఆ మనిషి చెరలో ఉన్నట్టే అని ఆ జడ్జీలు ఒప్పుకున్నారు. 2002లో అప్పీలు కోర్టు ఇంకో ముడి విప్పింది. ఆమె ఒప్పుకోలేదని రుజువు చేయాల్సిన పని లేదు, సొంతదారు పెత్తనం రుజువైతే చాలు. "ఇష్టపడే పోయింది గదా, సంతకం పెట్టింది గదా" అని ఏజెంట్లు, పోలీసులు, ఆఖరికి మన కులపెద్దలు కూడా అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

ఇంత చెప్పినాక మనోళ్లలో కొందరు హేగ్ కోర్టుకు పోదామంటారు. ఆశ పెట్టడం నాకిష్టం లేదు. 1998లో రోమ్‌లో ఒప్పందం కుదిరి, 2002 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒకటుంది. ఆడవాళ్ల, పిల్లల అక్రమ రవాణాలో మనుషుల మీద సొంతదారు పెత్తనం చేయడం కూడా బానిసత్వమే అని దాని చట్టంలోనే రాసినారు. 2021లో ఉగాండా తిరుగుబాటు దళం నాయకుడు ఒంగ్వెన్‌ను ఈ నేరంతో పాటు ఎన్నో నేరాల కింద దోషిగా తేల్చి 25 ఏళ్ల శిక్ష వేసినారు. అయితే భారతదేశం ఆ ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. కువైటు 2000లో సంతకం పెట్టింది, ఆమోదించలేదు. పైగా ఆ కోర్టు కేసు పట్టాలంటే అది జనం మీద పెద్ద ఎత్తున లేదా పథకం ప్రకారం జరిగిన దాడి అయ్యుండాల, దాని ఎనక ప్రభుత్వం విధానమో, సంస్థ విధానమో ఉండాల. వేల ఇండ్లల్లో వేల మంది కఫీళ్లు విడివిడిగా చేసేది ఆ లెక్కలోకి సులభంగా రాదు. వేల ఇండ్లల్లో ఒకే తీరుగా జరిగేది విధానం కాకపోతే ఇంకేందని మనం అడగొచ్చు, అడగాల కూడా. కానీ రేపు పొద్దున విడిపించాల్సిన మనిషికి ఆ ప్రశ్న అన్నం పెట్టదు.

కంబోడియా సంగతి కొంచెం వేరు. కంప్యూటర్ ఉద్యోగాలని మన తెలుగు పిల్లకాయల్ని తీసుకపోయి, పాస్‌పోర్టులు గుంజుకొని, గోడల మధ్య పెట్టి సైబర్ మోసాలు చేయించినారు. లెక్క తప్పితే కొట్టడం, కరెంటు షాకులు, ఇంకో కంపెనీకి అమ్మడం. 2024 మేలో విశాఖ పోలీసులు కేసులు పెట్టి ఏజెంట్లను పట్టుకున్నాక, ఆడి మన పిల్లకాయలు తిరగబడినాక కొంత మంది ఇల్లు చేరినారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో వేసిన అంచనాలో ఒక్క కంబోడియాలోనే లక్ష మంది దాకా ఇట్లా చిక్కుకున్నారు. కంబోడియా ఆ కోర్టులో సభ్యదేశం, పైగా ఈడ సంస్థ ఉంది, గోడలున్నాయి, కావలి ఉంది, లెక్కల పుస్తకాలున్నాయి. ఆ కోర్టు తలుపు తట్టడానికి కువైటు కంటే ఇదే దగ్గరి దారి. చదువుకున్న మన లాయర్లు దీని మీద పని చేయొచ్చు.

అయితే నా లెక్కలో ఆ చట్టాల అసలు ఉపయోగం హేగ్‌లో లేదు, మన స్టేషన్ ముందరే ఉంది. ఎట్లో చెప్తా. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాకు సంబంధించింది, పాత 370. ఒకరిని రవాణా చేస్తే ఏడేళ్లకు తక్కువ కాకుండా పదేళ్ల దాకా, ఒకరికి మించితే పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. బాధితురాలి ఒప్పుదల లెక్కలోకి రాదని కూడా అందులోనే ఉంది. కానీ ఒక కంత ఉంది. 2000 సంవత్సరపు పాలెర్మో ఒప్పందంలో "బలవంతపు చాకిరి" అనే మాట స్పష్టంగా ఉంటే, 2011లో దాన్ని ఆమోదించిన మన ప్రభుత్వం 2013లో 370వ సెక్షన్ మార్చినప్పుడు దోపిడీ నిర్వచనంలో ఆ మాట పెట్టలేదు. కొత్త సంహితలోనూ పెట్టలేదు. ఎవరి కోసం పెట్టలేదో ఇటుక బట్టీల ఓనర్లను, విత్తన కంపెనీలను అడగాల. ఆ మాట లేదు గనక ఇంటి చాకిరి, బట్టీ చాకిరి ఈ సెక్షన్‌లోకి రాదని ఎస్ఐ అంటాడు. కానీ అదే నిర్వచనంలో "బానిసత్వం, బానిసత్వం లాంటి ఆచారాలు" అనే మాటలున్నాయి. వాటికి అర్థం సంహితలో ఎక్కడా చెప్పలేదు. చెప్పింది ఏదయ్యా అంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1956 ఒప్పందం. మన చట్టంలో ఖాళీ ఉన్న చోట, మన చట్టానికి విరుద్ధం కానప్పుడు, దేశం ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని చదువుకోవచ్చని 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే 1926, 1956 ఒప్పందాలు, ఫోచా తీర్పు, అన్నీ ఆ రెండు మాటల సందు గుండా మన ఎఫ్ఐఆర్‌లోకి రాగలవు. తోసుకొని రావాల్సింది మనం.

ఇప్పుడు జరిగేదేంది? కువైటులో మనిషి చచ్చినా, పిచ్చిదై తిరిగొచ్చినా ఏజెంటు మీద మోసం కేసు పెడతారు, పాత 420, ఇప్పటి 318. లేదంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం. దాంట్లో పెద్ద శిక్ష రెండేళ్లు, జరిమానా రెండు వేల రూపాయలు. ఒక మేకపోతు ఖరీదు కూడా లేదు. ఆ తర్వాత పంచాయితీ. ఏజెంటు తీసుకున్న దాంట్లో సగం తిరిగిస్తాడు, రాజీ కాగితం, అయిపాయె. నేరం కువైటులో జరిగింది, మేమేం చేస్తాం అనేది ఇంకో సాకు. దేశం బయట మన పౌరుడు చేసిన నేరానికి విచారణ జరపాలంటే కేంద్రం అనుమతి కావాలన్న మాట నిజమే. కానీ నేరం మొత్తం బయటే జరిగినప్పుడే ఆ అనుమతి కావాలని, కొంత భాగం ఈడ జరిగుంటే అక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. అది నేపాల్ నుంచి తెచ్చిన ఆడపిల్ల రవాణా కేసు. అప్పు ఇచ్చింది మన ఊర్లో, అబద్ధం చెప్పింది మన గడపలో, పాస్‌పోర్టు చేయించింది కడపలో. నేరం ఈడ పుట్టింది.

ప్రభుత్వం మాత్రం ఆడవాళ్లను ఆపడమే రక్షణ అనుకుంటోంది. పదో తరగతి పాసు కాని ఆడమనిషి ముప్పై ఏళ్లు నిండకుండా కువైటు లాంటి 18 దేశాలకు పనికి పోరాదు. 2016 ఆగస్టు నుంచి పోయినా ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాల, మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్. రూలు మంచిదే అనిపిస్తాది. ఆ సంస్థ పేరు మన పల్లెల్లో ఎంత మందికి తెలుసు? ఏజెంటు ఇల్లు అందరికీ తెలుసు. ఇరవై నాలుగేళ్ల మనిషిని విజిట్ వీసా మీద దుబాయి చుట్టు తిప్పి పంపిస్తాడు, లేదంటే వయసు మార్చి పాస్‌పోర్టు చేయిస్తాడు. అప్పుడు ఆమె ప్రభుత్వం రికార్డులో పోయినట్టే ఉండదు. కష్టమొచ్చినప్పుడు ఎంబసీ మెట్లెక్కాలంటే ముందు తన తప్పు ఒప్పుకోవాల. నిషేధం ఏజెంటు రేటు పెంచింది, అంతే. ఫిలిప్పీన్స్‌ను చూడండి. 2018లో తమ దేశపు పనిమనిషి శవం కువైటులో ఫ్రీజరులో దొరికితే ఆ ప్రభుత్వం మనుషుల్ని పంపడం ఆపి, అదే ఏడు మేలో కువైటుతో ఒప్పందం రాయించుకుంది. భారతదేశం ఇంటి పనివాళ్ల మీద కువైటుతో ఒప్పందం రాసుకునే సరికి 2021 జూన్ వచ్చింది. మన శవాల పెట్టెలు అంతకు ముందు ఎన్ని దిగినాయో శంషాబాదు, మద్రాసు విమానాశ్రయాలకు తెలుసు.

మనోళ్ల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. ఏజెంటు చాలా సార్లు మన పల్లె మనిషే, ఒక్కోసారి మన చుట్టమే. కువైటులో పదేళ్లుండి వచ్చి మిద్దె కట్టుకున్న అక్కే. పై కులపోడైతే అట్రాసిటీ కేసంటాం, మనోడైతే "పోనీలే, వాడూ బతకాల గదా" అంటాం. ఇంకో మాట. తిరిగొచ్చిన ఆడమనిషిని "ఆడ ఏం చేసొచ్చిందో" అనే నోర్లు మన పల్లెలోనే ఉన్నాయి. ఆ నోటికి భయపడే ఆమె స్టేషనుకు రాదు, సాక్ష్యం చెప్పదు. కఫీలుకు, ఏజెంటుకు ఇంతకంటే మంచి లాయరు దొరకడు.

జీతగాళ్ల విషయంలో మనకు అనుభవముంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించినా, చట్టం రావడానికి 1976 దాకా పట్టింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు దాన్ని పల్లెల దాకా మోసుకొచ్చినారు గనక కొంత మందైనా విడుదలైనారు. ఆ చట్టంలో ఒక గొప్ప సంగతుంది. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినోడి మీదే పెట్టినారు. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకునే పని కూడా బలవంతపు చాకిరే అని 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు అంది. అట్రాసిటీ చట్టం 3(1)(హెచ్) కింద ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం వేరే నేరం. 2016 పథకం ప్రకారం విడుదలైన మగమనిషికి లక్ష, ఆడమనిషికి రెండు లక్షలు, ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు పునరావాసం కింద రావాల. కువైటు నుంచి ప్రాణాలతో వచ్చిన అక్కకు ఇందులో ఏదీ లేదు. విడుదల పత్రమిచ్చే అధికారి ఈ దేశంలోని చాకిరినే చూస్తాడు. ఆమెకూ ఆ పత్రం, ఆ డబ్బు ఇవ్వాలని, రుజువు భారం ఏజెంటు మీద పెట్టాలని మనం అడగాల. కలెక్టరు కింద ఉండే విజిలెన్స్ కమిటీల్లో మనోళ్లు సభ్యులుగా ఉన్న చోట ఈ రెండు డిమాండ్లు తీర్మానంగా పెట్టించాల.

ఈ లోపల సంఘాల వాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. కువైటుకు బయలుదేరే మనిషి పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాగితాల జిరాక్సులు, ఏజెంటుకు డబ్బు పంపిన ఫోన్ రసీదులు, వాడు పంపిన వాయిస్ మెసేజీలు పల్లెలో ఒక ఫైలులో పెట్టండి. తిరిగొచ్చిన మనిషితో ఆడవాళ్లే కూర్చొని అడగండి: పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండె, బయటికి పోనిచ్చిరా, ఎన్ని గంటలు పని, జీతం ఎన్ని నెలలు ఆపిరి, ఎవరు కొట్టిరి, ఇంకో ఇంటికి ఎంతకు అమ్మిరి. ఫోచా కేసులో జడ్జీలు అడిగినవీ ఇవే. ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, ఫిర్యాదుకు జతచేయండి. 143, 146 సెక్షన్లు పేరు పెట్టి రాయండి. 1956 ఒప్పందం ప్రస్తావన ఒక వాక్యంలో పెట్టండి. ఎస్ఐ 318 ఒక్కటే రాసిన ఎఫ్ఐఆర్ చూపించి సంతకం చేయమంటే చేయొద్దు. ఫిర్యాదు కాపీని రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపి, ఆ రసీదు కూడా అదే ఫైలులో పెట్టండి.